ఆఖరి నవ్వు ఎవరిది

కొట్టు పైన ఇల్లు, వంటింటి బల్ల
సోమవారం పొద్దున

అన్నయ్యగారికి,

మీరు కులాసాగా ఉన్నారని అనుకోవడమే తప్ప తెలుసుకునే దారి లేకుండా పోయింది. ఈ రెండు నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. తొమ్మిదిసార్లూ మీ కోడలే ఎత్తింది. "మామయ్యగారు స్నానం చేస్తున్నారండీ" అంటుంది. ముప్పై ఒక్కేళ్ళు రైల్వే స్టేషన్లో మైకు పట్టుకున్న మనిషికి ఫోన్ పట్టుకోవడం బరువైందా? ఇలా పొద్దస్తమానం నీళ్ళలో నానితే జలుబు చేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని స్నానాల గదిలోకైనా తీసుకెళ్ళొచ్చు.

సంగతేమిటంటే, మా మనవరాలు వాళ్ళ తాతయ్య మీద ఒక పుస్తకం తయారు చేస్తోంది. ఆయన్ని ఎరిగినవాళ్ళు తలా ఒక పేజీ రాయాలట. ఆయన పుట్టినరోజు నాటికి కుట్టించేస్తుందట. కింద కొట్లో ఆయన చేత కట్టుడు పళ్ళ సెట్లు చేయించుకున్నవాళ్ళందరికీ కబురు పెట్టింది. పోస్టుమాస్టరు గారు రెండు లైన్లు రాసి, రెండో లైను కొట్టేశారు. హెడ్మిస్ట్రెస్ గారు ఆరు పేజీలు రాసి, అందరివీ తెచ్చిస్తే తప్పులు దిద్దిపెడతానన్నారు.

మొదటి పేజీ మాత్రం నాది. అది ఖాళీగా ఉంది. పెన్ను పట్టుకుంటే ఆయన ఆఖరిరోజు మొహమే కళ్ళ ముందుకొస్తోంది. అంతకుముందు యాభై ఏళ్ళు చూసిన మొహం ఎంత గింజుకున్నా రావడం లేదు. మీరు ముందు రాసి పంపితే, అది చదివాక నాకు ఏదైనా తోచవచ్చు. ఆ రోజు మీరు ఏడ్చినట్టు ఎవరూ ఏడవలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడ్చారు. అది చూసి ఆయన తమ్ముడు కూడా సిగ్గుపడి ఏడుపు పెంచాడు. అంత ప్రేమ ఉన్న మనిషి ఒక పేజీ రాయలేరా?

మీ చెల్లెలు


మా పెద్దాడి ఇల్లు, మూడో అంతస్తు బాల్కనీ
శుక్రవారం

చెల్లెమ్మా,

స్నానాల సంగతి కోడల్ని కోప్పడకు. నా గొంతు బాగాలేదు, అంతే. పేజీ రాశాను. హెడ్మిస్ట్రెస్ చేతికి ఇవ్వకు, ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

"నా స్నేహితుడు పళ్ళ సెట్లు చేసేవాడు. మనుషుల్ని మొహం చూసి కాదు, కాటు చూసి గుర్తుపట్టేవాడు. బల్ల మీద సగం కొరికిన రొట్టె కనిపిస్తే చాలు, 'ఇది పెద్దల్లుడి పని, ఎడమ కోరపన్ను వంకర' అనేవాడు. ఒకసారి పెళ్ళి విందులో ఎవరో కొరికి వదిలేసిన ఆపిల్ పట్టుకుని వరసగా ఆరు బల్లలు తిరిగి, ఆ పెద్దమనిషిని పట్టుకుని, 'మీకు నేను సెట్టు చేసి పదేళ్ళయింది, మార్చుకోవాలి' అన్నాడు. ఆ పెద్దమనిషి పెళ్ళికొడుకు తండ్రి. అప్పటిదాకా అవి సొంత పళ్ళనే అందరూ అనుకుంటున్నారు.

"వాడి పద్ధతి ఒకటుంది. మైనంలో పళ్ళు పేర్చి, కుర్చీలో కూర్చున్నవాళ్ళ నోట్లో పెట్టి చూసేటప్పుడు జోకు చెప్పేవాడు. 'నోరు మూసుకుంటే అందరూ అందగాళ్ళే. నవ్వినప్పుడు పళ్ళు ఎక్కడుంటాయో అక్కడ పెట్టాలి' అనేవాడు. నవ్వితేనే కొలత. నవ్వకపోతే మళ్ళీ రావాల్సిందే. హెడ్మిస్ట్రెస్ గారు పదిసార్లు వచ్చి పదిసార్లూ నవ్వకుండా వెళ్ళారు. మావాడి దగ్గర జోకులు అయిపోయాయి. నన్ను పిలిపించాడు, నావీ అయిపోయాయి. పదకొండోసారి ఆవిడ మైనం పళ్ళు నోట్లో ఉండగానే కుర్చీలోంచి లేస్తూ కాలు తట్టుకుని, పడకుండా మావాడి జుట్టు పట్టుకున్నారు. ఆ జుట్టు చేతిలోకి ఊడి వచ్చింది. వాడిది విగ్గని ఆవిడకి తెలియదు. అప్పుడు నవ్వారు చూడండి, మైనం పళ్ళు ఎగిరి మందుల షాపు కేలండర్‌కి అంటుకున్నాయి. ఆ ఊళ్ళో పిల్లలందరూ భయపడే మనిషి ఇప్పటికీ నవ్వితే ఆ నవ్వే నవ్వుతారు. అది మావాడు చేసిన మేలు."

సరిపోయిందా? ఇంకేం రాయమన్నా రాస్తాను. ఫోన్ మాత్రం వద్దు.

మీ అన్నయ్య


వంటింటి బల్ల
బుధవారం, రెండు వారాల తర్వాత

అన్నయ్యగారికి,

పేజీ చదివి మనవరాలు కుర్చీలోంచి జారిపడింది. విగ్గు సంగతి కొట్టేద్దామన్నాను, ససేమిరా అంది. హెడ్మిస్ట్రెస్ గారు ఎలాగూ చదివేశారు. ఎర్ర సిరాతో "పది కాదు, తొమ్మిదిసార్లు" అని రాశారు.

నాకు మాత్రం ఇంకా ఏమీ తోచలేదు. ఎందుకు తోచడం లేదో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్తాను. మీరు ఆయన స్నేహితులు కాబట్టి, ఒకటి అడగాలి కూడా.

ఆ రోజు పొద్దున మేం పోట్లాడుకున్నాం. నేను కొత్తగా కొన్న జల్లెడ కనిపించలేదు. వెతికితే కొట్లో దొరికింది. దాంట్లో పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టర్ పొడి జల్లించి, కడగకుండా వదిలేశారు. అది రాయి కట్టుకుపోయింది. అది మూడో జల్లెడ, అన్నయ్యగారూ. ఒక మనిషి జీవితంలో మూడు జల్లెళ్ళు పోగొట్టుకుంటే నోరు ఊరుకుంటుందా? "మీరూ మీ పళ్ళూ ఎక్కడికైనా పొండి" అన్నాను. అని చెప్పులేసుకుని మా చెల్లెలింటికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం మీరు వస్తారని తెలుసు. అన్నం అదీ మూతపెట్టి ఉంచాను. మీకోసమే పెట్టాను, ఆయన కోసం కాదు అని చీటీ కూడా రాసిపెట్టాను.

నేను సాయంత్రం వచ్చేసరికి ఆయన పడుకున్నట్టే పడుకుని వెళ్ళిపోయారు. మిగతావి మీకు తెలుసు. మీకు తెలియనిది ఒకటుంది. ఆయన పళ్ళు మంచం పక్కన గ్లాసులో ఉన్నాయి. పళ్ళ సెట్లు చేసిన మనిషిని బోసినోటితో పంపిస్తానా? నేనే పెట్టాను. పెట్టగానే ఆయన మొహం మీదికి ఒక నవ్వు వచ్చింది. మంచి నవ్వు కాదు. ఒక పక్కకి లాగి, వెటకారంగా, "నువ్వు పొమ్మన్నావుగా, చూడు పోయాను" అన్నట్టు. యాభై ఏళ్ళలో ఆయన నన్ను అలా చూసి ఎప్పుడూ నవ్వలేదు.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అదే. ఆ మధ్యాహ్నం మీరు ఆయనతో ఉన్నారు కదా. నా మీద ఏమైనా అన్నారా? ఇద్దరూ కూర్చుని నన్ను తలుచుకుని అలా నవ్వుకున్నారా? ఉన్నదున్నట్టు చెప్పండి. నేను ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ మీతో అనను.

మీ చెల్లెలు


బాల్కనీ
ఆదివారం

చెల్లెమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు తిండి సరిగ్గా తినలేదు. నిన్ను వాడు ఒక్క మాట కూడా అనలేదు. చీటీ చదివి, "నాకోసం కాదట, అయితే నీ ప్లేట్లోంచి తింటాను" అన్నాడు, తిన్నాడు. అంతే.

ఇక ఆ నవ్వు గురించి. ఒకటి, నువ్వు దుఃఖంలో ఉన్నావు, కళ్ళనిండా నీళ్ళతో చూస్తే ఏ మొహమైనా పక్కకి లాగినట్టే ఉంటుంది. రెండు, కిటికీలోంచి వెలుతురు ఒక పక్కనుంచే పడుతోంది. మూడు, కడుపులో గాలి వల్ల కూడా అలా జరుగుతుందని ఎక్కడో చదివాను. నాలుగు, అసలు అది నవ్వే కాదేమో.

కాబట్టి దాని గురించి మర్చిపో. హాయిగా పేజీ రాసుకో.

అన్నట్టు, ఊరికే అడుగుతున్నాను, పెద్ద కారణమేమీ లేదు. ఆ పళ్ళు పెట్టేటప్పుడు సులువుగానే పట్టాయా?

మీ అన్నయ్య


వంటింటి బల్ల
గురువారం

అన్నయ్యగారూ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట మీలాంటివాడే. ఒక నవ్వుకి నాలుగు కారణాలు చెప్పినవాళ్ళ దగ్గర అయిదోది దాచిపెట్టి ఉంటుంది. ముప్పై ఒక్కేళ్ళు "రైలు మరికొద్ది సేపట్లో వస్తుంది" అని చెప్పి జనాన్ని నమ్మించారు, సరే. నేను ప్లాట్‌ఫారం మీద లేను.

పళ్ళు సులువుగా పట్టలేదు. రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. అది నేను ఎవరికీ చెప్పలేదు. మీకెలా తోచింది ఆ ప్రశ్న?

ఇంకో సంగతి. నిన్న ఫోన్ చేసి, "మామయ్యని పిలవకమ్మా, నీతోనే మాట్లాడాలి" అన్నాను. పాపం, ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. మీరు మూణ్ణెల్లుగా బిస్కట్లు టీలో నానబెట్టుకుని తింటున్నారట. ఎవరితోనూ మాట్లాడకుండా పలక మీద రాసి చూపిస్తున్నారట. "పప్పులో ఉప్పు తక్కువ" అని రాసి, మళ్ళీ తుడిచి "పరవాలేదు" అని రాశారట. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే తలుపేసుకున్నారట.

పుట్టినరోజుకి ఇంక ఇరవై రోజులే ఉన్నాయి. మీరు నిజం రాస్తే రాయండి. లేకపోతే మొదటి పేజీ ఖాళీగానే కుట్టించేస్తాను. అమ్మమ్మ ఎందుకు రాయలేదని మనవరాలు అడిగితే, రాయడానికి నా దగ్గర ఆయన మొహం లేదని చెప్తాను. అది అబద్ధం కాదు. నాకు కావలసింది మీ నాలుగు కారణాలు కాదు, అన్నయ్యా. ఆయన నా మీద కోపంతో వెళ్ళారో లేదో తెలియాలి.


బాల్కనీ
శనివారం

చెల్లెమ్మా,

నువ్వు "గారు" తీసేసి అన్నయ్యా అని రాశావు. ఆ మాట చూశాక ఇంక దాచలేను. ఇది చదివేటప్పుడు కూర్చో. చేతిలో బరువైనదేమీ పెట్టుకోకు.

ఆ మధ్యాహ్నం తిన్నాక ఇద్దరం పళ్ళు తీసి, రెండు స్టీలు గ్లాసుల్లో వేసుకుని నడుం వాల్చాం. రెండూ ఒకేలాంటి గ్లాసులు, నీవే. మూడింటి బండికి నేను లేచాను. వాడు గుర్రు పెడుతున్నాడు. లేపడం ఎందుకని కాలివేళ్ళ మీద నడిచి, చేతికందిన గ్లాసులోవి నోట్లో పెట్టుకుని వచ్చేశాను. మా ఇద్దరి దవడలూ ఒకే కొలతని వాడు ఎప్పుడూ గొప్పలు పోయేవాడు కదా, అదే కొంప ముంచింది. బండిలో బిస్కట్టు కొరికేదాకా తెలియలేదు. కింది వరస ఒకచోట, బిస్కట్టు ఒకచోట. బండిలో ఒక్కణ్ణే పడీ పడీ నవ్వుకున్నాను. ఇంటికెళ్ళి ఫోన్ చేసి, "నా పళ్ళతో ఎవర్ని కొరుకుతున్నావురా" అని అడుగుదామనుకున్నాను. నేను గడపలో కాలు పెట్టేసరికి నీ ఫోన్ మోగుతోంది.

మర్నాడు వచ్చాను. అందరూ ఏడుస్తున్నారు. నేను దగ్గరికెళ్ళి చూస్తే, పడుకున్నవాడు నా నవ్వు నవ్వుతున్నాడు.

అవును, చెల్లెమ్మా. అవి నా పళ్ళు. ఆ వెటకారం నాది. నాకు సెట్టు చేసినప్పుడు వాడు జోకేమీ చెప్పలేదు. "మూడో నంబరు ప్లాట్‌ఫారం బండిని ఏడో నంబరని చెప్పి, నాలుగొందల మందిని మెట్లెక్కించావే, ఆ రోజు ఆఫీసర్ ముందు ఎలా నిలబడ్డావురా" అని అడిగాడు. నేను తప్పు చేసినవాడిలా ఒక పక్కకి నవ్వాను. వెంటనే మైనం నొక్కేశాడు. ఆ దొంగ నవ్వే నా సెట్టు. నా భార్య బతికున్నన్నాళ్ళూ, ఏమీ చేయకపోయినా ఏదో చేశాననే అనుకునేది.

ఇప్పుడు నువ్వే చెప్పు. నిండు ఇంట్లో, అంతమంది ఏడుస్తుంటే, "అమ్మా, అవి నావి, ఒకసారి తీసిస్తావా" అని ఎలా అడగను? దొంగకు తేలు కుట్టినట్టయింది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నువ్వు మెచ్చుకున్న ఆ ఏడుపు మొదట్లో ఏడుపు కాదు. భుజాలు అదిరింది నవ్వాపుకోలేక. తర్వాత ఎప్పుడు ఏడుపయిందో నాకే తెలియదు. యాభై ఏళ్ళ స్నేహంలో వాడు నాకు చెప్పకుండా వేసిన జోకు అదొక్కటే, దానికి కలిసి నవ్వడానికి వాడు లేడు. నా పళ్ళు వాడితో వెళ్ళిపోయాయి. వాడివి నా నోట్లో ఉండిపోయాయి.

నీకు చెప్పకపోవడానికి కారణం సిగ్గు ఒకటే కాదు. చెప్తే తిరిగి ఇమ్మంటావని భయం. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళి కొత్తవి చేయించుకోబుద్ధి కాలేదు. ఫోన్ ఎందుకు ఎత్తలేదో కూడా చెప్తాను. వాడు మాట్లాడబోయే ముందు పైవరస "టిక్"మనేది, గుర్తుందా? అది పళ్ళ గుణం, వాడిది కాదు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే అదే టిక్కు. మొదటిరోజు "మంచినీళ్ళు" అనబోయి నేనే వెనక్కి తిరిగి చూశాను. అది ఫోన్లో నీ చెవిన పడితే నీ గుండె ఏమవుతుందోనని పలక కొనుక్కున్నాను.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. వాడు తనకి తాను సెట్టు చేసుకున్న రోజు నేను పక్కనే ఉన్నాను. అద్దం ముందు కూర్చుని, మైనం పళ్ళు నోట్లో పెట్టుకుని, నన్ను జోకులు చెప్పమన్నాడు. ఇరవై చెప్పాను. అన్నీ వాడికి తెలిసినవే, ఒక్కదానికీ నవ్వలేదు. ఇంతలో నువ్వు మెట్ల మీంచి అరిచావు. జల్లెడ గురించే. అది మొదటి జల్లెడ అనుకుంటాను. "ఈ మనిషిని కట్టుకునే బదులు సిమెంటు బస్తాని కట్టుకున్నా ఒక గోడైనా లేచేది" అన్నావు. వాడి మొహం చూడాలి చెల్లెమ్మా. దీపం పెట్టినట్టు వెలిగింది. నోరంతా నవ్వు. "కదలకు, ఇదే, ఇదే" అని నాకు చెప్తూ, కదలకూడనిది తనేనని మర్చిపోయి, తన దవడ తనే పట్టుకుని మైనం నొక్కేసుకున్నాడు.

వాడి నవ్వుకి కొలత నీ తిట్టు. ఆ మధ్యాహ్నం కూడా నేను "ఇంట్లో చెల్లెమ్మ లేదేం" అంటే, "మూడో జల్లెడ" అని మూడు వేళ్ళు చూపించి అదే నవ్వు నవ్వాడు. కోపంతో వెళ్ళలేదు.

ఇవాళే వాడి పళ్ళు తీసి కడిగి, డబ్బాలో పెట్టి ఉంచాను. పంపమంటే పంపిస్తాను. నేను బిస్కట్లకి అలవాటు పడ్డాను.

మీ అన్నయ్య


వంటింటి బల్ల
మంగళవారం

అన్నయ్యా,

మీ ఉత్తరం నిలబడే చదివాను, చేతిలో టీ కప్పు పెట్టుకుని. కప్పు పగిలింది. మనవరాలు గదిలోంచి పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, ఏడవకు" అని పట్టుకుంది. నేను ఏడవడం లేదని చెప్దామంటే నవ్వుతో మాట రాలేదు. తర్వాత ఏడ్చాను, మీలాగే, ఎప్పుడు మారిందో తెలియకుండా.

ముందుగా మీ మీద నాకున్న కోపం. మూణ్ణెల్లు నన్ను ఆ దొంగ నవ్వుతో ఒంటరిగా వదిలేశారు. ప్రతిరోజూ దానికి సంజాయిషీ చెప్పుకున్నాను. మీ నవ్వుకి! ఫొటోకి పూలు పెడుతూ, "సరే, జల్లెడ ఉంచుకోండి" అని కూడా అన్నాను. ఆ జల్లెడ నాకు తిరిగి కావాలి. తుడిచినా పోదని తెలుసు, అయినా కావాలి.

మీ పళ్ళు ఆయనతో వెళ్ళినందుకు ఏమనాలో తెలియడం లేదు. ఆయన ఎక్కడికి వెళ్ళినా అక్కడివాళ్ళు ఇప్పుడు ఆయన్ని అనుమానంగా చూస్తుంటారు. అది మాత్రం ఆయనకి తగిన శాస్తే.

మీ ఉత్తరం పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మెట్ల మీద నిలబడ్డట్టు, కిందికి వంగి అరిచినట్టు అనుకున్నాను. ఆయన తలెత్తారు. నోరంతా నవ్వు. ఆ మొహమే, అన్నయ్యా. ఎన్నాళ్ళకి వచ్చిందో. మొదటి పేజీ అప్పటికప్పుడే రాసేశాను. "ఆయన్ని నేను యాభై ఏళ్ళు తిట్టాను, ఆయన యాభై ఏళ్ళు నవ్వారు" అని మొదలవుతుంది. హెడ్మిస్ట్రెస్ గారు చదివి, దిద్దకుండా ఇచ్చేశారు.

పళ్ళు పంపొద్దు. డబ్బాలోంచి తీసి నోట్లో పెట్టుకోండి. పళ్ళ సెట్టు డబ్బాలో ఉంటే ఏం లాభం? పలక ఎవరికైనా ఇచ్చేయండి.

ఆదివారం పది గంటలకి ఫోన్ చేస్తాను. మీరే ఎత్తండి. హలో అనకండి, బాగున్నావా అని అడగకండి. మాట్లాడబోయినట్టు ఒక్కసారి నోరు తెరవండి, ఆ టిక్కు విననివ్వండి. విన్నాక నేను తిట్టడం మొదలుపెడతాను. అడ్డు రాకుండా నవ్వండి.

మీ చెల్లెలు